తెల్లగుడ్డలో కత్తెర

"మానేస్తున్నట్టు మాకు ఒక్క మాటైనా చెప్పలేదేం మాస్టరమ్మా?"

ఫోను అత్తగారి చేతిలో ఉంది. చెవి మాస్టరమ్మది. ఆమె రెండు చేతులూ మణికట్ల దాకా వేడినీళ్ళ బేసిన్లో ఉన్నాయి కాబట్టి ఈ ఏర్పాటు. ఐదు నెలలుగా ఆ ఇంట్లో పొద్దుటిపూట ఫోను మోగితే ఇద్దరూ కలిసే మాట్లాడతారు.

"ఎవరు మానేస్తున్నారు?" అంది మాస్టరమ్మ.

"ఇంకెవరు, మీరే. కత్తెర పంపించేశారుగా. తెల్లగుడ్డలో చుట్టి ఓనరమ్మ బల్ల మీద పెట్టి వెళ్ళారు మీ ఆయన. మేమందరం చూశాం." అవతల మాట్లాడుతున్నది దుకాణంలో కాలర్లు కుట్టే పొడుగమ్మాయి. గొంతు తగ్గించి మాట్లాడుతోంది గానీ ఆమె గొంతు తగ్గినా పక్క వీధికి వినిపిస్తుంది.

మాస్టరమ్మ ఫోనుకి చెవి ఇంకా దగ్గరగా ఆనించింది.

ఆ యూనిఫారాల దుకాణంలో రాజీనామా కాగితాలు లేవు. కటింగ్ మాస్టరు మానేసే రోజున దుకాణం కత్తెరని తెల్లగుడ్డలో చుట్టి ఓనరు బల్ల మీద పెడతాడు. అంతే. ఎందుకని ఇతనూ చెప్పడు, ఆగమని వాళ్ళూ అనరు. కొత్తగా వచ్చేవాడు ఆ గుడ్డ విప్పి, కత్తెర తీసి, కటింగ్ బల్ల పక్కనున్న మేకుకి తగిలిస్తాడు. పదకొండేళ్ళ కిందట పాత మాస్టరు మోకాళ్ళు మొరాయించి అలాగే పెట్టి వెళ్ళిపోయాడు. మర్నాడు గుడ్డ విప్పింది ఈవిడే. అంతకుముందు ఎనిమిదేళ్ళు దారాలు కత్తిరించి, అంచులు మడిచి, కాలర్లు కుట్టి అక్కడికి చేరింది. ఆ మేకుకి కత్తెర తగిలించిన మొదటి ఆడది.

"ఓనరమ్మ ఏమంది?"

"ఏమీ అనలేదు. కాసేపు ఆ మూటనే చూస్తూ కూర్చుంది. తర్వాత ఎవరికో ఫోన్ చేసింది. సోమవారం కొత్త మాస్టరు వస్తాడంట. నిజంగానే మానేస్తున్నారా మాస్టరమ్మా? అయితే నాకు చంక దగ్గర మలుపు ఎవరు నేర్పిస్తారు?"

అత్తగారు ఫోన్ పెట్టేసి, కోడలి ముఖంలోకి చూసి, తర్వాత అద్దం వైపు చూసింది. అద్దం ముందు ఆమె కొడుకు గడ్డం గీసుకుంటున్నాడు. ఒక చెంప నున్నగా ఉంది, ఇంకో చెంప నిండా సబ్బు నురగ.

"ఏం చేశావురా?" అంది అత్తగారు.

"నేనేం చేశాను?" అన్నాడు అతను. పాతికేళ్ళుగా లిఫ్టులు బాగుచేసేవాడు. ఏ అంతస్తులో ఏ తీగ తెగిందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. ఇంట్లో ఏం తెగిందో మాత్రం ఎవరో ఒకరు చెబితే గానీ తెలియదు.

"కత్తెర ఎందుకు తీసుకెళ్ళారు?" అంది మాస్టరమ్మ.

అతని ముఖం వెలిగిపోయింది. అది చూస్తే మాస్టరమ్మకి ఇంకా ఒళ్ళు మండింది.

"అప్పుడే తెలిసిపోయిందా? నువ్వు వెళ్ళేసరికి అక్కడ ఉండాలని పొద్దున్నే ఇచ్చేసి వచ్చాను. నిన్న పండగ సెలవని నూనె రాయడానికి ఇంటికి తెచ్చావు కదా, దాని పిడికి రబ్బరు తొడుగు వేశాను. లిఫ్టు తలుపు అంచుకి వేసే రబ్బరు. మెత్తగా ఉంటుంది, అరగదు. ఇనుము నీ వేళ్ళకి ఒరుసుకుంటోందని."

"తెల్లగుడ్డలో ఎందుకు చుట్టారు?"

"నూనె అంటుతుందని. ఉతికిన గుడ్డే, మురికిది కాదు."

"ఓనరమ్మతో ఏమన్నారు?"

"ఏమంటాను? మీ కత్తెరండీ, మా ఆవిడ పంపించింది అన్నాను."

"ఇంకా?"

"ఇంకేం లేదు." తల్లి తనవంకే చూస్తోందని అతనికి అద్దంలో కనిపించింది. "చేతులు బాగాలేవండీ, ఇవాళ కాస్త ఆలస్యం కావచ్చు అన్నాను."

"చేతుల సంగతి చెప్పేశారా?" అంది మాస్టరమ్మ.

డాక్టరు కీళ్ళవాతం అని చెప్పి ఐదు నెలలయింది. ఇది జీవితాంతం ఉండే జబ్బు, అయినా మాత్రలతో అదుపులో పెట్టుకోవచ్చు, పొద్దున లేవగానే వేళ్ళు బిగుసుకుంటాయి, పొద్దెక్కేకొద్దీ వదులవుతాయి అన్నాడు. ఆ మాట ఈ ఇల్లు దాటకూడదని ముగ్గురూ అనుకున్నారు. జబ్బు పేరు ఒకసారి చెవిన పడితే, ఆ తర్వాత గుడ్డ ఎక్కడ వంకర తెగినా నేరం జబ్బు మీదికే పోతుందని మాస్టరమ్మ భయం. ఎనిమిదిన్నరకల్లా కత్తెర పట్టాలంటే నాలుగింటికే లేవాలి. లేచి, వేడినీళ్ళలో చేతులు పెట్టి, ఒక్కో వేలూ మడిచి తెరిచి, బతిమాలి, బెదిరించి, ఎలాగో దారికి తెచ్చుకునేది. నాలుగు రోజులుగా వేళ్ళు ఆ మాట కూడా వినడం లేదు.

"ఆ దుకాణంలో తెల్లగుడ్డలో చుట్టి ఇస్తే మానేసినట్టు," అంది మాస్టరమ్మ. "సోమవారం కొత్త మాస్టరు వస్తున్నాడు."

అతను నాలిక్కరుచుకున్నాడు. నురగ ఆరి చెంప మీద చారలు కట్టింది.

"నాకేం తెలుసు? నువ్వెప్పుడూ చెప్పలేదే."

"మీరెప్పుడైనా అడిగారా?"

అక్కడితో నోరు మూసుకుని ఉంటే బాగుండేది. కానీ భయపడ్డ మగవాడు ఊరుకోలేడు.

"పోనీ, ఇలా జరగడమే మంచిదయిందేమో. నువ్వు పొద్దున్నే ఆ నీళ్ళ ముందు కూర్చుని పళ్ళు బిగబట్టుకుంటుంటే చూడలేక చస్తున్నాను. నా జీతం చాలదా మనకి? హాయిగా ఇంట్లో ఉండు."

అత్తగారు వంటింట్లోకి వెళ్ళి వేడినీళ్ళ గిన్నె తెచ్చి, బేసిన్లో చల్లారిన నీళ్ళ మీద మెల్లగా పోసింది.

"పోయిన ఏడు మీకు నడుం పట్టేసింది. నెలరోజులు బెల్టు కట్టుకుని తిరిగారు," అంది మాస్టరమ్మ చివరికి. గొంతు పెంచలేదు. "అప్పుడు నేను మీ పానా తీసుకెళ్ళి మీ సూపర్‌వైజరు చేతిలో పెట్టానా?"

"అది వేరు."

"ఎలా వేరు?"

అతను అద్దం వైపు తిరిగి మిగిలిన చెంప గీసుకున్నాడు.

"మానెయ్యమని డాక్టరు చెప్పలేదు. చేతులకి పని ఉండాలన్నాడు. పొద్దున్నే బలవంతం చెయ్యొద్దన్నాడు, అంతే. ఆ బల్ల ముందు నిలబడితే నేనెవరో నాకు తెలుస్తుంది. ఇంట్లో కూర్చుంటే నేను ఒట్టి రోగినండీ."

ఆ మాట అంటున్నప్పుడు ఆమెకి ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుందామంటే చేతులు నీళ్ళలో ఉన్నాయి. అత్తగారు తన చెంగుతో తుడిచింది, చిన్నపిల్లకి ముక్కు తుడిచినట్టు కాస్త మోటుగానే.

"లే అమ్మాయ్. జడ వేస్తాను," అంది. "నువ్వే వెళ్ళి చెప్పుకో. వీడు చెబితే ఆవిడ ఈసారి మెషిన్లు కూడా అమ్మేస్తుంది."

జబ్బు వచ్చిన కొత్తలో అత్తగారు వేసే జడ ఎడమకో కుడికో పోయేది. ఇప్పుడు తిన్నగా వస్తోంది. ముప్పై ఏళ్ళుగా ఎవరికీ జడ వెయ్యలేదు, చివరి వయసులో కోడలు మంచి పని చూపించిందని జబ్బు ఊసెత్తకుండా ఇరుగింటావిడతో గొప్పగా చెప్పుకుంటుంది కూడా. వీపు వెనక హుక్కులు పెడుతూ, "గట్టిగా మాట్లాడు. అలాగని మరీ గట్టిగా వద్దు," అని జాగ్రత్తలు చెప్పింది.

ఇద్దరూ స్కూటరు ఎక్కారు. పెద్ద కూడలిలో ఎర్రదీపం దగ్గర ఆగినప్పుడు అతను తల కాస్త వెనక్కి తిప్పాడు.

"నేనొచ్చి చెప్పనా, పొరపాటని?"

"మీరు చెప్పింది చాలు."

దీపం పచ్చబడింది.

దుకాణం ముందు భాగంలో అద్దాల అల్మారా, వెనక పొడవాటి గది. గదిలో రెండు వరుసలుగా పదకొండు మెషిన్లు, కిటికీ పక్కన కటింగ్ బల్ల. ఆమె అడుగు పెట్టేసరికి పదీ నలభై. పదకొండు మెషిన్లూ ఒక్కసారి ఆగాయి, ఆగిన సంగతి తెలిసిపోతుందని మళ్ళీ మొదలయ్యాయి. పొడుగమ్మాయి మాత్రం సూది కింద గుడ్డ లేకుండానే తొక్కుతోంది.

కటింగ్ బల్ల పక్కన మేకు ఖాళీగా ఉంది. కత్తెర తన దగ్గర లేకుండా ఆ మేకుని ఖాళీగా చూడటం మాస్టరమ్మకి పదకొండేళ్ళలో ఇదే మొదలు. కత్తెర ఓనరమ్మ బల్ల మీద, తెల్లగుడ్డలో, పెట్టినది పెట్టినట్టే ఉంది.

"వచ్చావా," అంది ఓనరమ్మ. యాభై ఏళ్ళ మనిషి, మెడలో కొలత టేపు లేకుండా ఎప్పుడూ కనిపించదు. ఆవిడ తండ్రి పెట్టిన దుకాణం ఇది. "పంతొమ్మిదేళ్ళు పనిచేసి, మానేసేటప్పుడు ముఖం చూపించడానికి కూడా తీరిక లేకపోయిందా నీకు? మొగుడి చేత పంపిస్తావా?"

కోపం కాదు. ఆవిడ బాధపడింది. మాస్టరమ్మ దీనికి సిద్ధపడి రాలేదు. కోపానికైతే దారంతా జవాబులు కూర్చుకుని వచ్చింది.

"నేను మానెయ్యలేదు మేడం."

"మరి ఇది?"

"పిడికి రబ్బరు వేశారు మా ఆయన. నూనె అంటకుండా గుడ్డ చుట్టారు. ఇక్కడి పద్ధతి ఆయనకి తెలియదు."

ఓనరమ్మ మూట వంక చూసింది. మాస్టరమ్మ వంక చూసింది. మళ్ళీ మూట వంక చూసింది. ఒక మెషిను దగ్గర ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు.

"అయితే చేతులు బాగాలేవన్నది కూడా ఆయన కల్పనేనా?"

ఇక్కడ అబద్ధం చెప్పొచ్చు. చలికి పట్టేశాయంటే సరిపోతుంది. దారి పొడుగునా ఆ మాట నోటి చివరే పెట్టుకుని వచ్చింది. కానీ ఖాళీ మేకు కనిపిస్తుంటే అబద్ధం నోటికి రాలేదు.

"కాదు మేడం. కీళ్ళవాతం. ఐదు నెలలయింది. పోయే జబ్బు కాదు. వారానికొకసారి వేసుకునే మాత్ర ఇచ్చారు, రెండు నెలలకొకసారి రక్తం చూస్తున్నారు. ఇదివరకటి మీద నయం. పొద్దున్నే మాత్రం వేళ్ళు పని చెయ్యవు. పదకొండు దాటితే నా చేతులు నావే."

పదకొండు మెషిన్లూ ఈసారి నిజంగానే ఆగాయి. పొడుగమ్మాయి నోరు తెరిచింది, పక్కనున్నావిడ ఆమె మోచెయ్యి పొడిచింది, నోరు మూసుకుంది.

"చెయ్యి ఇలా ఇవ్వు," అంది ఓనరమ్మ.

ఆవిడ ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూసింది, గుడ్డ నాణ్యం చూసినట్టు. వేలి కణుపుల దగ్గర వాపు ఇంకా పూర్తిగా తగ్గలేదు. బొటనవేలితో ఒకచోట మెల్లగా నొక్కి, "ఇక్కడా?" అంది. మాస్టరమ్మ తలూపింది.

"మంగళవారం రెండు చేతుల్తో కత్తెర పట్టుకున్నావు. నేను చూశాను. నువ్వు చెబుతావేమోనని చూశాను." ఆవిడ చెయ్యి వదిలేసింది. "ఐదు నెలలు కడుపులో పెట్టుకున్నావా? నేనేమన్నా పులినా?"

"భయమేసింది మేడం."

ఓనరమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. దయ వేరు, దుకాణం వేరు. రెండూ ఆవిడ ముఖంలో ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

"నువ్వు పదకొండింటికి వస్తే ఎనిమిదిన్నర నుంచి వీళ్ళు ఏం కుట్టాలి? ఇవాళంటే అంచులు, గుండీల పని మిగిలి ఉంది కాబట్టి సరిపోయింది. రోజూ రెండున్నర గంటలు పదకొండు మెషిన్లు ఖాళీగా కూర్చుంటే దుకాణం ఎన్నాళ్ళు నిలుస్తుంది? నువ్వే చెప్పు."

"మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా కోస్తాను. మర్నాటి పొద్దుటి పని ముందురోజే కోసి, కొలతలవారీగా కట్టలు కట్టి పెడతాను. వీళ్ళు వచ్చి విప్పుకుని కుట్టుకోవడమే."

ఓనరమ్మ తల పైకెత్తింది. ఆవిడ చూస్తున్న చోట ఏముందో చూడకుండానే గదిలో అందరికీ తెలుసు. గోడ మీద నీలంరంగు అక్షరాలు. ఓనరమ్మ తండ్రి, దుకాణం పెట్టిన పెద్దాయన, సొంత చేత్తో రాసినవి: కోత మూడింటి లోపే. మూడు దాటాక కత్తెర మేకుకి ఉండాలి.

ముప్పై రెండేళ్ళుగా ఆ మాట ఎవరూ జవదాటలేదు. కారణాలు మాత్రం తలా ఒకటి చెబుతారు. కోసిన ముక్కలు రాత్రంతా ఉంటే చెమ్మ పడుతుందని ఒకరు, కొలతలు కలిసిపోతాయని ఒకరు, సాయంత్రం చెయ్యి అలసిపోతుందని ఒకరు. పాత మాస్టరైతే, గుడ్డకి కూడా విశ్రాంతి కావాలని చెప్పేవాడు.

"నాన్న పెట్టిన పద్ధతి," అంది ఓనరమ్మ. "ఆయన పోయాక ఈ గదిలో అన్నీ మార్చాను. మెషిన్లు మార్చాను, లైట్లు మార్చాను. దాన్ని మాత్రం ముట్టుకోలేదు. అది ఒక్కటే ఆయన చేతిరాత మిగిలింది."

దానికి మాస్టరమ్మ ఏమంటుంది? తండ్రి చేతిరాతతో ఎవరు వాదిస్తారు? తలదించుకుని నిలబడింది. సోమవారం గురించి ఆలోచించింది. ఆ మేకుకి కత్తెర తగిలించే చెయ్యి ఎలా ఉంటుందో ఊహించుకుంది.

"మీ నాన్నకి పొద్దు వాలితే కళ్ళు కనిపించేవి కావే."

మాట మూల నుంచి వచ్చింది. అక్కడ ఓనరమ్మ తల్లి రోజూ కూర్చుని గుండీలు కుడుతుంది. అందరూ పెద్దమ్మగారంటారు. ఎనభైకి దగ్గర పడ్డా సూదిలోకి దారం తనే ఎక్కించుకుంటుంది. ఎవరైనా ఎక్కిస్తామంటే కోపమొస్తుంది.

"ఏంటమ్మా?" అంది ఓనరమ్మ.

"రేచీకటి. అప్పుడు ఈ గదిలో ఒకటే బల్బు. మూడు దాటితే మనిషికి సుద్దగీత కనిపించేది కాదు. ఒకరోజు సాయంత్రం డాక్టరుగారి కోటు కోశాడు. రెండు ముందుభాగాలూ ఎడమవైపువే కోశాడు. కుట్టేవాడు తెచ్చి చూపించాడు, ఈ కోటు తొడుక్కోవడానికి మనిషికి కుడివైపు ఉండకూడదండీ అని." పెద్దమ్మగారు దారం కొరికి తెంపింది. "అందరూ నవ్వారు. మీ నాన్న కూడా నవ్వాడు. మర్నాడు పొద్దున్నే నిచ్చెన వేసుకుని ఆ రాత రాశాడు. జబ్బు సంగతి ఎవరికీ చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నాడు."

"నాకు కూడానా?"

"నీకైతే అసలు చెప్పొద్దన్నాడు. కూతురు తనని గుడ్డివాడనుకుంటుందని."

ఓనరమ్మ గోడ వంక చూసింది. నీలం అక్షరాలు ముప్పై రెండేళ్ళుగా ఉన్నట్టే ఉన్నాయి. ఆవిడ మాత్రం వాటిని ఇప్పుడే మొదటిసారి చదువుతున్నట్టు చదివింది. ముఖం చూస్తే నవ్వుతుందో ఏడుస్తుందో చెప్పడం కష్టం. మాస్టరమ్మకి ఆ పెద్దాయన మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది. తను చేరేటప్పటికే ఆయన ముసలివాడు, కత్తెర ముట్టడం మానేశాడు. సాయంత్రాలు ఆయన గోడ పట్టుకుని నడవడం చూసింది. అది వయసనుకుంది.

"నీ చేతికి వీలైన వేళకి ఇంకో రాత రాసుకో మరి," అని పెద్దమ్మగారు ఎవరితో అన్నదో తెలియకుండా అని, ఇంకో గుండీ తీసుకుంది.

ఓనరమ్మ బల్ల మీది మూటని ఒక్క వేలితో మాస్టరమ్మ వైపు తోసింది.

"ఆసుపత్రి కోట్లు. ఇరవై నాలుగు. రేపు పొద్దున ఎనిమిదిన్నరకి నువ్వు లేకుండా వీళ్ళు కట్టలు విప్పి కుట్టాలి. అది ఎవరిదీ ఇది ఎక్కడిదీ అని ఒక్కరు నా దగ్గరికి రాకూడదు. చూద్దాం."

అవుననీ కాదు, కాదనీ కాదు. అయినా మాస్టరమ్మ ఆ మూటని రెండు చేతులా తీసుకుంది.

బల్ల దగ్గర గుడ్డ విప్పింది. పొద్దుటి నుంచి కోపంలో ఆ రబ్బరు తొడుగు మాటే మరిచిపోయింది. నల్లగా, మెత్తగా, పిడి చుట్టూ తిన్నగా అతుక్కుని ఉంది. వేళ్ళు దూర్చింది. ఒక్కో వేలికీ ఒక్కో పల్లం ఉంది. చిటికెన వేలి దగ్గర పల్లం కాస్త ఎక్కువ లోతు, అక్కడ వాపు ఎక్కువ కాబట్టి. ఇంత కచ్చితంగా కొలత ఎలా తీశాడా అనుకుని, అప్పుడు గుర్తు తెచ్చుకుంది. నిన్న మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి చూపుడు వేలికి ఒక దారం చుట్టుకుని ఉంది. పనిలో అంటుకుని వచ్చిందనుకుని లాగి పారేసింది.

మనిషికి మాట తీరు తెలియదు, అడగడం తెలియదు. కొలత మాత్రం తెలుసు. ఆమెకి పొద్దుటి కోపం సగానికి పైగా అక్కడే కరిగిపోయింది. మిగిలిన సగం సాయంత్రానికి ఉంచుకుంది. పూర్తిగా వదిలేస్తే మళ్ళీ ఇంకోటేదో చుట్టుకొస్తాడు.

తెల్లటి గుడ్డ తాను విప్పి నాలుగు పొరలు పరిచింది. అట్ట నమూనాలు పెట్టి సుద్దతో గీసింది. మొదటి కోత కోసినప్పుడు గది అంతా ఆమె చేతినే చూస్తోందని తెలుసు. కత్తెర దిగింది, మెడ వంపు తిరిగింది, చంక దగ్గరికి వచ్చింది. అక్కడ నెమ్మదించి, మణికట్టు తిప్పకుండా తనే బల్ల చుట్టూ అడుగు జరిపింది. ఈ మధ్య కనిపెట్టిన కిటుకు అది. చెయ్యి తిరగనంటే మనిషి తిరిగితే సరి.

"చూశావా," అంది పొడుగమ్మాయితో. "మలుపు చేతిలో లేదు, కాళ్ళలో ఉంది."

నాలుగున్నర దాటింది. మూడు దాటాక ఆ గదిలో కత్తెర చప్పుడు వినడం అందరికీ కొత్త. పెద్దమ్మగారు మాత్రం గుండీలు కుడుతూ కూనిరాగం తీస్తోంది. ఐదున్నరకి ఆఖరి కట్ట కట్టింది మాస్టరమ్మ. ఒక్కో కట్టకి ఒక్కో చీటీ, చీటీ మీద కొలత, ఎన్ని ముక్కలు, ముందు ఏది కుట్టాలి. వేళ్ళు అలిసిపోయాయి. అది పనిచేసిన అలుపు. పొద్దుటి బిగుసుకుపోవడానికీ దీనికీ ఎంత తేడానో ఆ జబ్బు ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. ఐదు నెలల్లో ఇంత తృప్తిగా ఆమె చేతులు దులుపుకోలేదు.

ఓనరమ్మ వచ్చి ఒక కట్ట విప్పింది. రెండు ముందుభాగాలు తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టింది. ఒకటి ఎడమ, ఒకటి కుడి. కాసేపు వాటినే చూసి, ఎవరికీ చెప్పకుండా నవ్వుకుంది. వాళ్ళ నాన్నని తలుచుకుందని మాస్టరమ్మకి తెలిసింది.

మెషిన్ల వాళ్ళందరూ వెళ్ళిపోయారు. మాస్టరమ్మ చేతిలో కత్తెర ఉంది. మామూలుగా అయితే ఆలోచించే పని లేదు. ఇవాళ ఆలోచించింది. ఓనరమ్మ బల్ల మీద పెట్టాలా? రేపు ఎనిమిదిన్నర గడిచేదాకా ఆగాలా? ఎవరైనా చెబుతారేమోనని చూసింది. ఓనరమ్మ కట్ట తిరిగి కడుతోంది, తలెత్తలేదు.

మాస్టరమ్మ రెండడుగులు వేసి కత్తెరని మేకుకి తగిలించింది. ఇనుము ఇనుముకి తగిలి చిన్న చప్పుడయింది.

ఓనరమ్మ ముడి వెయ్యడం ఒక్క క్షణం ఆపింది. మళ్ళీ వేసింది.

"రేపు పదకొండింటికా?"

"పదకొండు మేడం."

"సోమవారం ఆయన వస్తాడు. ఇరవై ఏళ్ళ అనుభవం ఉందట. రమ్మని పిలిచిన మనిషిని గుమ్మంలోంచి పొమ్మనడం నాకు చేతకాదు." ముడి బిగించింది. "నిన్ను పొమ్మనడం కూడా చేతకావడం లేదు. నాకు ఉన్నది ఒక్క బల్ల. సోమవారం దాకా నన్నేమీ అడక్కు."

బయట స్కూటరు మీద అతను ఎదురు చూస్తున్నాడు. ఎప్పుడొచ్చాడో, ముఖం చూస్తే చాలాసేపటి నుంచీ ఉన్నట్టుంది. ఆమె సంచీలోంచి తెల్లగుడ్డ తీసి అతని చేతిలో పెట్టింది.

"దీన్ని ఇంక దేనికీ చుట్టకండి."

అతను గుడ్డని మడిచి జేబులో పెట్టుకున్నాడు. రబ్బరు ఎలా ఉందని అడగాలని అతనికి ప్రాణం కొట్టుకుపోతోంది. ఆమెకి తెలుసు. కూడలి దాకా తెలియనట్టే కూర్చుంది. పొద్దుటి ఎర్రదీపం దగ్గరే బండి ఆగింది.

"చిటికెన వేలికి లోతు బాగా పెట్టారు," అంది.

వెనక నుంచి అతని చెవులు కనిపిస్తున్నాయి. అవి కూడా నవ్వాయి. కాసేపాగి, జాగ్రత్తగా అడిగాడు.

"ఇంతకీ ఉద్యోగం ఉన్నట్టా, పోయినట్టా?"

"కత్తెర మేకుకుంది."

ఆ దుకాణం భాష అతనికి ఇవాళ పొద్దున్నే వచ్చింది. మొహం వాచేలా చీవాట్లు తిని నేర్చుకున్నాడు కాబట్టి మళ్ళీ చెప్పించుకోలేదు. గట్టిగా ఊపిరి వదిలాడు.

"మరి సోమవారం వచ్చే ఆయన?"

"ఆయనా వస్తాడు. మేకు ఒకటే ఉంది."

వాహనాలు అటు నుంచి ఇటు పోతున్నాయి. దీపం ఇంకా ఎర్రగానే ఉంది. అతను హ్యాండిల్ మీద వేళ్ళు ఆడించాడు, ఏదో అనబోయి మానుకున్నాడు, మళ్ళీ తల తిప్పాడు.

"ఒక మాట అడగనా? అక్కడ ఇంకో మేకు కొట్టిపెట్టమంటావా? పొద్దుటికి ఒకటి, మధ్యాహ్నానికి ఒకటి. నీకిష్టమైతేనే."

ఆ బల్ల ముందు ఇంకొకరా? ఆమెకి వెంటనే వద్దనాలనిపించింది. పదకొండేళ్ళుగా ఆ బల్ల తనది. తర్వాత ఎనిమిదిన్నరకి పదకొండు మెషిన్లు, చల్లారిన బేసిన్ నీళ్ళు, నాలుగు గంటల అలారం గుర్తొచ్చాయి. నోటి దాకా వచ్చిన మాటని మింగేసింది.

దీపం పచ్చబడింది. వెనకవాళ్ళు హారన్లు కొడుతున్నారు. అతను కదలలేదు, జవాబు కోసం చూస్తున్నాడు.

"ముందు బండి పోనివ్వండి," అంది ఆమె, అతని భుజం మీద చెయ్యి వేసి. "ఈసారి అడిగారుగా. సోమవారం లోగా చెబుతాను."